పార్టిషన్లు పాడైన ల్యాప్‌టాప్‌లో విండోస్ మళ్లీ వేసుకోవడం: డేటా పోగొట్టుకోకుండా, మొదటి నుంచి చివరి దాకా

ల్యాప్‌టాప్ ఆన్ చేస్తే నల్లటి స్క్రీన్ మీద "నో బూటబుల్ డివైస్" అని ఒకే ఒక్క లైను. రాత్రి పడుకునే ముందు దాకా బాగానే పనిచేసింది. ఇలాంటప్పుడు ఎవరిని అడిగినా ముందు వచ్చే సలహా "ఫార్మాట్ కొట్టేసి విండోస్ వేసెయ్" అనే. ఎస్‌ఎస్‌డీ (హార్డ్‌డిస్క్ కన్నా వేగమైన కొత్తరకం డిస్క్) ఉన్న ల్యాప్‌టాప్ అయితే ఆ పని గంట లోపే అయిపోతుంది కూడా. ఏళ్ల తరబడి దాచుకున్న ఫొటోలు, ప్రాజెక్టు ఫైళ్లు కూడా ఆ గంటలోనే పోతాయి.

విండోస్ వేయడం ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా తేలికైన భాగం. పార్టిషన్ అంటే డిస్క్‌ను సి, డి అంటూ విడగొట్టిన భాగం, అది పాడైనంత మాత్రాన డేటా పోయినట్టు కాదు. చాలాసార్లు అది పోయేది ఆ తర్వాత కంగారులో మనం నొక్కే బటన్ల వల్ల. అందుకే ఇన్‌స్టాల్ మొదలుపెట్టడానికి ముందు చేయాల్సిన పనుల గురించే ఇక్కడ ఎక్కువ చెబుతాను.

అసలు ఏం పాడైందో ముందు తెలుసుకోండి

డిస్క్ మొదట్లో ఒక చిన్న పట్టిక ఉంటుంది. ఏ పార్టిషన్ ఏ సెక్టార్ (డిస్క్‌లోని చిన్న గడి) దగ్గర మొదలవుతుంది, ఎంత దూరం ఉంటుంది అన్న వివరం అందులో రాసి ఉంటుంది. పాత పద్ధతి ఎంబీఆర్‌లో ఈ పట్టిక సైజు మొత్తం 64 బైట్లే: ఒక్కోటి 16 బైట్ల చొప్పున నాలుగు పార్టిషన్ల వివరాలు. ఆ 64 బైట్లు చెడిపోతే చాలు, 1 టీబీ డిస్క్ మొత్తం ఖాళీగా కనిపిస్తుంది. ఫైళ్లు మాత్రం ఎక్కడివక్కడే ఉంటాయి. కొత్త పద్ధతి జీపీటీలో ఈ పట్టిక రెండో కాపీ డిస్క్ చివర కూడా ఉంటుంది కాబట్టి కొంత నయం.

పట్టిక బాగానే ఉండి పార్టిషన్ లోపలి ఫైల్ సిస్టమ్ (ఏ ఫైలు ఎక్కడుందో చూసుకునే ఏర్పాటు) దెబ్బతినడం రెండో రకం. అప్పుడు విండోస్ ఆ డ్రైవ్‌ను "రా" (RAW) అని చూపిస్తుంది, తెరవబోతే "ఫార్మాట్ చేయాలి, చేయమంటారా" అని అడుగుతుంది. చేయకండి. ఆ బాక్స్ వచ్చిన ప్రతిసారీ క్యాన్సిల్ నొక్కండి.

మూడో రకం, విండోస్‌ను మొదలుపెట్టే (బూట్ చేసే) ఫైళ్లున్న చిన్న ఈఎఫ్ఐ పార్టిషన్ ఒక్కటే పోవడం. సాధారణంగా 100 ఎంబీ ఉండే ఈ పార్టిషన్‌ను, ఏదో అక్కర్లేనిది అనుకుని డిలీట్ చేసేవాళ్లు ఉన్నారు. ఇలా జరిగితే చాలాసార్లు విండోస్ మళ్లీ వేయక్కర్లేదు, రిపేర్ సరిపోతుంది.

నాలుగోది భయపడాల్సిన రకం. డిస్కే చచ్చిపోతూ ఉంటుంది, పార్టిషన్ పాడవడం దానికి లక్షణం మాత్రమే. హార్డ్‌డిస్క్ నుంచి టిక్ టిక్‌మని ఆగకుండా శబ్దం వస్తున్నా, బయోస్‌లో (విండోస్ కన్నా ముందు వచ్చే సెట్టింగ్స్ స్క్రీన్‌లో) డిస్క్ ఒకసారి కనిపించి ఒకసారి కనిపించకపోయినా ఇదే అనుకోండి. ఇలాంటి డిస్క్ మీద ఎన్నిసార్లు విండోస్ వేసినా వేస్టే.

చేతిలో ఉండాల్సినవి

పనిచేసే ఇంకో కంప్యూటర్, కనీసం 8 జీబీ ఉన్న పెన్‌డ్రైవ్‌లు రెండు, మీ డేటా మొత్తం పట్టే ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్ ఒకటి. ఛార్జర్ మొదటి నుంచి చివరి దాకా పెట్టే ఉంచండి. ఇది మాట వరసకు చెప్పడం లేదు, ఎందుకో కింద చెబుతాను.

మొదటి పెన్‌డ్రైవ్‌లో ఉబుంటు (విండోస్ లాంటిదే, ఉచితంగా దొరికే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్) వేసుకోండి. దాన్ని డిస్క్‌లో ఇన్‌స్టాల్ చేయకుండా పెన్‌డ్రైవ్ నుంచే నడుపుతాం, మీ డిస్క్ జోలికి పోకుండా లోపల ఏముందో చూడటానికి. ఇలాంటి రక్షణ పనుల కోసమే తయారైన సిస్టమ్‌రెస్క్యూ కూడా మంచిదే, కావలసిన టూల్స్ అందులో ముందే ఉంటాయి. డౌన్‌లోడ్ అయ్యే ఐఎస్ఓ ఫైలును (మొత్తం సిస్టమ్ ఒకే ఫైలుగా ఉండేది) పెన్‌డ్రైవ్‌కి మామూలుగా కాపీ చేస్తే బూట్ అవ్వదు. రూఫస్ లాంటి టూల్‌తో ఎక్కించాలి.

రెండో పెన్‌డ్రైవ్ విండోస్ కోసం. మైక్రోసాఫ్ట్ వెబ్‌సైట్‌లో మీడియా క్రియేషన్ టూల్ ఉచితంగా దొరుకుతుంది, డౌన్‌లోడ్ నుంచి పెన్‌డ్రైవ్ తయారీ దాకా అదే చూసుకుంటుంది. ఎవరో మార్చి పెట్టిన "లైట్" విండోస్ ఐఎస్ఓల జోలికి వెళ్లకండి, లోపల ఏం పెట్టారో మనకు తెలియదు. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది కాబట్టి మీ ల్యాప్‌టాప్‌లో టీపీఎం 2.0 (సెక్యూరిటీ చిప్) ఉండి, ప్రాసెసర్‌కు సపోర్ట్ ఉంటే 11 వేసుకోవడమే మేలు.

పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేయడానికి ల్యాప్‌టాప్ ఆన్ చేసిన వెంటనే బూట్ మెనూ కీ టకటకా నొక్కుతూ ఉండాలి. డెల్, లెనోవోల్లో మామూలుగా ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9, ఆసుస్‌లో ఎస్కేప్. ఏసర్‌లో కూడా ఎఫ్12యే, కానీ చాలా మోడళ్లలో ముందు బయోస్‌లోకి వెళ్లి ఆ మెనూను ఆన్ చేసుకోవాలి.

డిస్క్ ఆరోగ్యం చూడండి

ఉబుంటు పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, ఇన్‌స్టాల్ కాకుండా "ట్రై ఉబుంటు" ఎంచుకోండి. అందులో డిస్క్స్ అనే యాప్ తెరిచి, ఎడమవైపు మీ డిస్క్‌ను ఎంచుకుంటే మెనూలో స్మార్ట్ డేటా (డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్కలు) కనిపిస్తుంది. హార్డ్‌డిస్క్ అయితే మూడు నంబర్లు చూడండి: 5 (రీఎలొకేటెడ్ సెక్టార్లు), 197 (పెండింగ్ సెక్టార్లు), 198 (అన్‌కరెక్టబుల్ సెక్టార్లు). మూడూ సున్నా ఉంటే ఊపిరి పీల్చుకోవచ్చు. 197 దగ్గర పదులు, వందలు కనిపిస్తే ఆ డిస్క్ కొన్ని చోట్ల చదవలేకపోతోందని అర్థం. ఎన్‌వీఎంఈ రకం ఎస్‌ఎస్‌డీల్లో ఈ నంబర్లు ఉండవు, బదులుగా మీడియా ఎర్రర్స్, అవైలబుల్ స్పేర్ అనేవి చూడాలి.

నంబర్లు బాగాలేకపోతే ఫైళ్లు ఒక్కొక్కటిగా కాపీ చేయడం మొదలుపెట్టకండి. చదవలేని చోట డిస్క్ మళ్లీ మళ్లీ ప్రయత్నించి ఇంకా అలసిపోతుంది. డీడీరెస్క్యూ అనే టూల్‌తో మొత్తం డిస్క్‌ను, దానికి సమానమైన లేదా అంతకన్నా పెద్దదైన ఇంకో డిస్క్ మీదికి కాపీ తీయండి. అది ముందు తేలిగ్గా చదవగలిగిన భాగాలన్నీ తీసేసుకుని, మొండి భాగాల దగ్గరికి చివర్లో వస్తుంది. మ్యాప్ ఫైల్ పేరు ఇచ్చి నడిపితే మధ్యలో ఆగినా ఎక్కడ ఆగిందో అక్కడి నుంచే కొనసాగుతుంది. ఆ తర్వాత చేసే ప్రయత్నాలన్నీ కాపీ మీదే చేయాలి. టిక్ టిక్ శబ్దం చేస్తున్న డిస్క్‌లో నిజంగా విలువైనది ఏదైనా ఉంటే మాత్రం ఇది కూడా చేయకండి. పవర్ ఆపేసి డేటా రికవరీ నిపుణులకు ఇవ్వడమే సరైన పని.

డేటా బయటికి తీయడం

ఉబుంటులో ఫైల్ మేనేజర్ తెరిస్తే, పార్టిషన్ బాగుంటే మీ ఫోల్డర్లు అక్కడే కనిపిస్తాయి. విండోస్ సరిగ్గా షట్‌డౌన్ కాకపోయి ఉంటే చదవడానికి మాత్రమే తెరుచుకోవచ్చు. మనకు కావలసింది అదే. యూజర్స్ ఫోల్డర్‌లో మీ పేరున్న ఫోల్డర్ మొత్తం తీసుకోండి. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్ అన్నీ అందులోనే ఉంటాయి. సి డ్రైవ్‌లో విడిగా పెట్టుకున్న ఫోల్డర్లు, అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ డేటా ఫోల్డర్ లాంటివి మాత్రం దాని బయట ఉంటాయి. చాలామంది ఇక్కడే మర్చిపోతారు.

డ్రైవ్‌కు తాళం గుర్తు కనిపిస్తే అది బిట్‌లాకర్, అంటే డిస్క్‌లోని డేటాకు విండోస్ వేసే తాళం (ఎన్‌క్రిప్షన్). మీరు ఎప్పుడూ ఆన్ చేయకపోయినా, మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయిన చాలా ల్యాప్‌టాప్‌లలో ఎన్‌క్రిప్షన్ దానంతటదే ఆన్ అవుతుంది. 48 అంకెల రికవరీ కీ మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్ పేజీలో, డివైసుల దగ్గర ఉంటుంది. ఆఫీసు ల్యాప్‌టాప్ అయితే మీ ఐటీ వాళ్ల దగ్గర ఉండవచ్చు. ఆ కీ లేకుండా ఆ డేటాను ఎవరూ తీయలేరు, కాబట్టి కీ చేతికి వచ్చే వరకు ఆ డిస్క్‌ను ముట్టుకోకండి.

పార్టిషనే కనిపించకపోతే? ఇక్కడ మా చెల్లి ల్యాప్‌టాప్ సంగతి చెప్పాలి. సి డ్రైవ్ నిండిపోయిందని, డి నుంచి 40 జీబీ తీసి సికి కలుపుదామని ఒక పార్టిషన్ సాఫ్ట్‌వేర్ నడిపింది. అలా కలపాలంటే డి మొదలయ్యే చోటు ముందుకు జరగాలి, అంటే డిలో ఉన్నదంతా డిస్క్ మీద ఒకచోటి నుంచి ఇంకోచోటికి కదలాలి. గంటల పని. ఛార్జర్ పెట్టకుండానే మొదలుపెట్టింది, సగంలో బ్యాటరీ అయిపోయింది. మళ్లీ ఆన్ చేస్తే డి డ్రైవ్ ఉండాల్సిన చోట "అన్‌అలొకేటెడ్" అని ఉంది.

ఆ రాత్రి టెస్ట్‌డిస్క్ నడిపాం. ఇది ఉచిత టూల్. మౌస్ పనిచేయదు, అన్నీ బాణం కీలతోనే. డిస్క్ ఎంచుకుని, పట్టిక రకం అడిగినప్పుడు అది సూచించినదే ఒప్పుకుని, అనలైజ్, తర్వాత క్విక్ సెర్చ్. సెర్చ్ అయ్యాక పాత పార్టిషన్లు దొరికితే వరసగా చూపిస్తుంది. డి లాగా అనిపించిన లైను మీద నిలబడి పి నొక్కితే, నల్లటి స్క్రీన్ మీద తెల్లటి అక్షరాల్లో తన ఫోల్డర్ల పేర్లన్నీ ఒక్కొక్కటిగా వచ్చాయి. చెల్లి కళ్లలో నీళ్లు తిరిగాయి. అక్కడి నుంచే ఫైళ్లను ఎంచుకుని ఎక్స్‌టర్నల్ డిస్క్‌కి కాపీ చేశాం. అన్నీ రాలేదు. కొన్ని ఫొటోలు పైసగం దాకా తెరుచుకుని, కింద అంతా బూడిద రంగే. డేటా కదులుతుండగా కరెంటు పోయిన చోట పడ్డవి అవే. కానీ ఎక్కువ భాగం దక్కింది. "ఫార్మాట్ కొట్టేసెయ్" అన్న మాట విని ఉంటే అదీ దక్కేది కాదు.

క్విక్ సెర్చ్‌లో దొరకకపోతే డీపర్ సెర్చ్ ఉంది, గంటలు పట్టవచ్చు, ఓపిక పట్టండి. టెస్ట్‌డిస్క్‌లో "రైట్" (Write) అనే ఆప్షన్ కూడా ఉంటుంది. దొరికిన పార్టిషన్లతో పట్టికను మళ్లీ రాసేది అదే. ఫైళ్లన్నీ బయటికి వచ్చాకే దాని జోలికి వెళ్లండి. ఫోల్డర్ల జాబితా తెరుచుకోకపోతే టెస్ట్‌డిస్క్‌తోపాటే వచ్చే ఫొటోరెక్ ఉంది. అది పేర్లు, ఫోల్డర్లు పట్టించుకోకుండా ఫైళ్ల ఆనవాళ్లను బట్టి వెతికి తీస్తుంది. ఫొటోలు, డాక్యుమెంట్లు దొరుకుతాయి కానీ పాత పేర్లు ఉండవు.

ఈ దశలో చేయకూడనివి రెండు. దొరికిన ఫైళ్లను అదే డిస్క్‌లో సేవ్ చేయకండి, ఇంకా తీయాల్సిన ఫైళ్ల మీదే అవి పడతాయి. చెక్‌డిస్క్ నడపకండి. అది ఫైల్ సిస్టమ్‌ను సరిచేసే టూల్, ఫైళ్లను కాపాడేది కాదు. సరిపోలని ఎంట్రీలను తీసేసుకుంటూ పోతుంది. ఎస్‌ఎస్‌డీ విషయంలో ఇంకొంచెం జాగ్రత్త కావాలి. విండోస్‌లో ఫార్మాట్ చేస్తే ట్రిమ్ కమాండ్ వెళ్లి పాత డేటాను ఎస్‌ఎస్‌డీయే లోపల తుడిచేస్తుంది. హార్డ్‌డిస్క్‌లో ఫార్మాట్ తర్వాత కూడా కొంత ఆశ ఉంటుంది, ఎస్‌ఎస్‌డీలో దాదాపు ఉండదు.

ఇన్‌స్టాల్‌కు ముందు ఒక్కసారి రిపేర్

విండోస్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, మొదటి స్క్రీన్లలో కనిపించే రిపేర్ ఆప్షన్‌లోకి వెళ్లి స్టార్టప్ రిపేర్ ఒకసారి నడపండి. బూట్ ఫైళ్లు మాత్రమే చెడి ఉంటే పని ఇక్కడే అయిపోవచ్చు. ఒకట్రెండుసార్లు చూసి ఫలితం లేకపోతే ముందుకు వెళ్లండి, దానితో రోజంతా కుస్తీ పట్టక్కర్లేదు.

విండోస్ వేయడం

మళ్లీ విండోస్ పెన్‌డ్రైవ్ నుంచే బూట్ చేయండి. బూట్ మెనూలో అదే పెన్‌డ్రైవ్ రెండుసార్లు కనిపిస్తే ముందు యూఈఎఫ్ఐ (పాత బయోస్‌కు బదులు వచ్చిన కొత్త పద్ధతి) అని ఉన్నదాన్నే ఎంచుకోండి. ఎక్స్‌టర్నల్ డిస్క్‌ను ఇప్పుడు పీకేయండి. మీ డేటా ఉన్న ఏకైక చోటు ప్రస్తుతం అదే, పొరపాటున దాన్ని ఎంచుకునే అవకాశమే ఉండకూడదు.

ప్రొడక్ట్ కీ అడిగితే "లేదు" అనే ఆప్షన్ నొక్కండి. ఇంతకుముందు యాక్టివేట్ అయిన ల్యాప్‌టాప్‌కు లైసెన్స్ దాని హార్డ్‌వేర్‌తో ముడిపడి ఉంటుంది, నెట్‌కు కనెక్ట్ అయ్యాక దానంతటదే యాక్టివేట్ అవుతుంది. ఇంతకుముందు హోమ్ ఉంటే హోమే ఎంచుకోవాలి. ప్రో వేస్తే హోమ్ లైసెన్స్ పనిచేయదు. అప్‌గ్రేడా, కస్టమా అని అడిగితే కస్టమ్.

తర్వాత వచ్చే డిస్కుల జాబితా దగ్గర ఆగి, నెమ్మదిగా చదవండి. డ్రైవ్ 0, డ్రైవ్ 1 అనే నంబర్లను నమ్మకండి, సైజును నమ్మండి. 512 జీబీ ఎస్‌ఎస్‌డీ ఇక్కడ సుమారు 476 జీబీగా, 1 టీబీ డిస్క్ సుమారు 931 జీబీగా కనిపిస్తాయి. జీబీ తగ్గిపోయిందని టెన్షన్ పడకండి, లెక్క కట్టే పద్ధతిలో తేడా అంతే. పెన్‌డ్రైవ్ కూడా ఈ జాబితాలో కనిపించవచ్చు.

డిస్క్‌లో దాచుకోవాల్సింది ఏమీ మిగలకపోతే, ఆ డిస్క్ కింద ఉన్న పార్టిషన్లన్నీ ఒక్కొక్కటిగా డిలీట్ చేసి, మొత్తం ఒకే "అన్‌అలొకేటెడ్ స్పేస్"గా మారాక దాన్ని ఎంచుకుని నెక్స్ట్ నొక్కండి. పార్టిషన్లు మీరు చేయక్కర్లేదు. 100 ఎంబీ ఈఎఫ్ఐ, 16 ఎంబీ ఎంఎస్ఆర్ (విండోస్ తనకోసం పక్కన పెట్టుకునే చోటు), విండోస్ పార్టిషన్, రికవరీ పార్టిషన్, అన్నీ సెటప్పే చేసుకుంటుంది. డి డ్రైవ్ బాగానే ఉండి, అలాగే ఉంచుకోవాలనుకుంటే దాన్ని వదిలేసి మిగతావి మాత్రమే తీసేయండి. అయినా దాని బ్యాకప్ తీసి ఉంచుకోవడమే నయం. ఒక్క లైను కిందా మీదా అయితే చాలు.

ఈ స్క్రీన్ దగ్గరే వచ్చే చిక్కులు

"ఈ డిస్క్‌లో ఎంబీఆర్ పట్టిక ఉంది, జీపీటీ కావాలి" అనే ఎర్రర్ చాలామందికి వస్తుంది. దీనికి చాలామంది బయోస్‌లో లెగసీ మోడ్ (పాత బయోస్ పద్ధతి) పెట్టుకోమంటారు. అప్పటికి పని అయినట్టే ఉంటుంది కానీ విండోస్ 11కి యూఈఎఫ్ఐ కావాలి కాబట్టి తర్వాత చిక్కే. పైగా ఎంబీఆర్‌లో 2 టీబీ దాటిన చోటు వాడుకోలేం. డిస్క్‌నే జీపీటీకి మార్చండి.

అదే స్క్రీన్ మీద షిఫ్ట్, ఎఫ్10 కలిపి నొక్కితే కమాండ్ విండో వస్తుంది. కొన్ని ల్యాప్‌టాప్‌లలో ఎఫ్ఎన్ కీ కూడా కలపాలి. అక్కడ ఇంగ్లిష్ అక్షరాల్లో, ఒక్కొక్క కమాండ్ తర్వాత ఎంటర్ కొడుతూ వరసగా ఇవ్వండి:

1. డిస్క్‌పార్ట్ (diskpart)
2. లిస్ట్ డిస్క్ (list disk)
3. సెలెక్ట్ డిస్క్ 0 (select disk 0; సున్నా బదులు మీ డిస్క్ నంబరు)
4. మళ్లీ లిస్ట్ డిస్క్
5. క్లీన్ (clean)
6. కన్వర్ట్ జీపీటీ (convert gpt)
7. ఎగ్జిట్ (exit)

నాలుగోది ఎందుకంటే, ఎంచుకున్న డిస్క్ ముందు నక్షత్రం గుర్తు వస్తుంది. అది సరైన సైజు డిస్క్ పక్కనే ఉందో లేదో కళ్లారా చూసుకున్నాకే క్లీన్ కొట్టండి. క్లీన్ "ఖాయమేనా" అని అడగదు, క్షణంలో పట్టిక మొత్తం తీసేస్తుంది. తర్వాత విండో మూసి, జాబితాను రిఫ్రెష్ చేస్తే డిస్క్ మొత్తం ఖాళీగా కనిపిస్తుంది. "కొత్త పార్టిషన్ చేయలేకపోయాం" అనే ఎర్రర్‌కు, డైనమిక్ డిస్క్ (మామూలు పట్టిక బదులు విండోస్ సొంత పద్ధతిలో భాగాలు చేసిన డిస్క్) అంటూ సెటప్ మొరాయించినప్పుడు కూడా మందు ఇదే. ఎంబీఆర్ డిస్క్‌లో నాలుగుకు మించి పార్టిషన్లు చేయబోయినప్పుడు విండోస్ అడిగిన ప్రశ్నకు చూసుకోకుండా "యెస్" కొట్టేస్తే డిస్క్ డైనమిక్‌గా మారిపోతుంది.

జాబితాలో డిస్కే లేకపోతే పోయిందనుకోకండి. ఇంటెల్ 11వ తరం, ఆ తర్వాతి ప్రాసెసర్లున్న ల్యాప్‌టాప్‌లలో ఇది మామూలే. ఎస్‌ఎస్‌డీ వీఎండీ అనే ఏర్పాటు వెనక ఉంటుంది, దాని డ్రైవర్ విండోస్ సెటప్‌లో ఉండకపోవచ్చు. మీ ల్యాప్‌టాప్ కంపెనీ సైట్‌లో మీ మోడల్ పేజీ నుంచి ఇంటెల్ ర్యాపిడ్ స్టోరేజ్ డ్రైవర్ దింపి, విప్పి, ఆ ఫోల్డర్‌ను పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోండి. సెటప్‌లో "లోడ్ డ్రైవర్" నొక్కి ఆ ఫోల్డర్ చూపిస్తే డిస్క్ ప్రత్యక్షమవుతుంది.

వేశాక

ఫైళ్లు కాపీ అయి మొదటిసారి రీస్టార్ట్ అయ్యేటప్పుడు పెన్‌డ్రైవ్ తీసేయండి. లేకపోతే కొన్నిసార్లు సెటప్ మళ్లీ మొదటికి వస్తుంది. తర్వాత నెట్ అడుగుతుంది. వైఫై డ్రైవర్ లేక ఒక్క నెట్‌వర్క్ కూడా కనిపించకపోతే, ఫోన్‌ను యూఎస్‌బీ కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి. ఆండ్రాయిడ్ ఫోన్ అయితే మామూలుగా వేరే డ్రైవర్ అక్కర్లేకుండానే నెట్ వచ్చేస్తుంది.

విండోస్ అప్‌డేట్‌ను రెండు మూడుసార్లు, ఇక ఏమీ రావడం లేదు అనే వరకు నడపండి. చిప్‌సెట్, గ్రాఫిక్స్ డ్రైవర్లు ల్యాప్‌టాప్ కంపెనీ సైట్ నుంచే తీసుకోండి. డ్రైవర్లు వెతికిపెడతామనే మూడో మనిషి సాఫ్ట్‌వేర్లు వద్దు. సెట్టింగ్స్‌లో ఎన్‌క్రిప్షన్ ఆన్ అయి ఉంటే ఆ 48 అంకెల కీని ఈ రోజే కాగితం మీద రాసి పెట్టుకోండి. డేటాను వెనక్కి తెచ్చుకునే ముందు నాలుగైదు ఫైళ్లు తెరిచి చూడండి, ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోని కాపీని మాత్రం కొన్నాళ్ల దాకా చెరపకండి.

మళ్లీ డి డ్రైవ్ కావాలా అంటే, నా లెక్కలో ఒకే డిస్క్ ఉన్న ల్యాప్‌టాప్‌లో అంత అవసరం లేదు. డిస్క్ పోతే సి, డి రెండూ కలిసే పోతాయి. విండోస్ మళ్లీ వేసినా డేటా కదలకూడదు అనుకుంటే మాత్రం చేసుకోండి, కానీ సికి ధారాళంగా జాగా వదిలి చేసుకోండి. ఈ పని ఇప్పుడే, డిస్క్ ఖాళీగా ఉన్నప్పుడే, విండోస్‌లోనే ఉండే డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ష్రింక్ ఆప్షన్‌తో చేయండి. తర్వాత సిని పెంచుకోవడం అంత తేలిక కాదు. సికి సరిగ్గా కుడిపక్కన ఖాళీ ఉంటేనే ఎక్స్‌టెండ్ ఆప్షన్ వెలుగుతుంది, రికవరీ పార్టిషన్ మధ్యలో ఉంటే వెలగదు. మా చెల్లి పార్టిషన్ సాఫ్ట్‌వేర్ దాకా వెళ్లింది ఆ ఆప్షన్ వెలగకపోబట్టే.

ఒక వారం వాడాక స్మార్ట్ నంబర్లు మళ్లీ ఒకసారి చూడండి, విండోస్‌లో క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో ఉచితంగా చూపిస్తుంది. అందులో ఇవే నంబర్లు 05, సి5, సి6 అని ఉంటాయి. పెండింగ్ తగ్గి రీఎలొకేటెడ్ పెరిగిందంటే, చెడిన సెక్టార్ల మీద కొత్తగా రాయబోయినప్పుడు డిస్క్ వాటిని పక్కన పెట్టి స్పేర్ సెక్టార్లు వాడుకుందని అర్థం. అక్కడితో ఆగి నిలకడగా ఉంటే ముఖ్యం కాని పనులకు కొన్నాళ్లు వాడుకోవచ్చు. వారం వారం పెరుగుతూ పోతుంటే మాత్రం కొత్త ఎస్‌ఎస్‌డీ తెచ్చి, ఇదే పెన్‌డ్రైవ్‌తో అందులో విండోస్ వేసుకోండి. ఈసారి డేటా ముందే బయట ఉంది కాబట్టి ఇన్‌స్టాల్ దగ్గర్నుంచే మొదలుపెట్టవచ్చు.